చూసేవాళ్ళని కుదిపేలా మనిషి ఒంటిని గీయాలంటే

బట్టలు లేకుండా గీస్తే చాలు, జనం ఉలిక్కిపడతారని బొమ్మలు వేసే కుర్రాళ్ళు చాలామంది అనుకుంటారు. అలాంటి బొమ్మలు ప్రతి ఫోన్‌లోనూ ఉన్నాయి, వాటికి ఇప్పుడెవరూ ఉలిక్కిపడరు. చూసేవాళ్ళని నిజంగా ఇబ్బంది పెట్టేవి వేరే ఉన్నాయి: పొట్ట మీద ఆపరేషన్ కుట్టు, నడుం దగ్గర మడతలు, తన ఒంటికి తాను సిగ్గుపడకుండా తిరిగి మనవైపే చూసే కళ్ళు. బ్రిటిష్ చిత్రకారిణి జెన్నీ సావిల్ 1992లో గీసిన 'ప్రాప్డ్' ఒకసారి వెతికి చూడండి. ఏడడుగుల ఎత్తు కాన్వాసు, దాని మీద చిన్న స్టూలెక్కి కూర్చున్న భారీ మనిషి, ఆవిడ వేళ్ళు ఆవిడ తొడల్లోకే గుచ్చుకుపోతుంటాయి, మనం కింద కూర్చుని చూస్తున్నట్టు మోకాళ్ళు మీదికొచ్చేస్తాయి. 2018లో లండన్ వేలంలో అది 95 లక్షల పౌండ్లకు పోయింది, బతికున్న చిత్రకారిణి పనికి అప్పటికి అదే రికార్డు ధర.

సరే, ఒడిశాలోని మన బరంపురంలో, పర్లాకిమిడిలో మోడల్‌ని ఎక్కణ్ణుంచి తెచ్చేది? ముందు అద్దం ముందు మీరే నిలబడండి. మన దేశపు చిత్రకారిణి అమృతా షేర్‌గిల్ 1934లో తన నగ్న దేహాన్ని తానే గీసుకుంది, అప్పటికి ఆవిడకి ఇరవై దాటి ఎంతో కాలం కాలేదు. తర్వాత స్కెచ్ బుక్కు పట్టుకుని పొద్దున్నే గోపాలపురం తీరానికి వెళ్ళండి. మన తెలుగు జాలర్లు అలివి వల లాగుతుంటే మడమ ఇసుకలో ఎలా దిగుతుందో, వీపు మీద కండ ఎక్కడ ముడి పడుతుందో చూసి, ముఖాల జోలికి పోకుండా వీపులు మాత్రమే గీయండి. గీసేముందు "మావా, బొమ్మ వేసుకుంటాను" అని ఒక మాట అడగండి, కాదనేవాళ్ళు తక్కువ.

బరంపురం ఠాకురాణి జాతరలో పులివేషాలని మాత్రం అస్సలు వదలొద్దు. పసుపు రంగు పూసిన ఒంటి మీద నల్ల చారలు గీస్తారు కదా, ఆ ఒక్క చారనే కళ్ళతో పట్టుకుని వెళ్ళండి: పక్కటెముక మీద పైకి లేస్తుంది, పొట్ట దగ్గర కిందికి వంగుతుంది, ఊపిరి పీల్చినప్పుడు వెడల్పవుతుంది. ఒంటి గుండ్రదనం మొత్తం ఆ చారే చెప్పేస్తుంది. సావిల్ 1993 నాటి 'ప్లాన్'లో, సర్జరీకి ముందు డాక్టరు గుర్తులు పెట్టినట్టు ఒళ్ళంతా గీతలు గీసింది కూడా ఇదే సూత్రంతో, కాకపోతే ఆ గీతలు చూస్తే కత్తి గుర్తొచ్చి ఒళ్ళు జలదరిస్తుంది.

గదిలో మనిషిని కూర్చోబెట్టి గీసేటప్పుడు కొన్ని విషయాల్లో రాజీ వద్దు. పద్దెనిమిదేళ్ళు నిండి ఉండాలి, వయసు కాగితం చూడకుండా మొదలుపెట్టొద్దు. బొమ్మ ఎక్కడ పెడతారో, అమ్ముతారో లేదో, ముఖం కనపడుతుందో లేదో వాళ్ళు చదవగలిగే భాషలో, తెలుగో ఒడియానో, రాసి ఇవ్వండి. వాళ్ళకి కావాలంటే తోడు ఒకరు గదిలో ఉండొచ్చు. ఫోన్లు బయటే. ఒక రోజు కూలి పోగొట్టుకుని వచ్చిన మనిషికి ఆ కూలికి తక్కువ ఇవ్వడం అన్యాయం.

ట్యూబులైటు ఆపేసి ఒకే కిటికీ తెరవండి. సినిమా పోస్టర్ భంగిమలు పెట్టించకండి. ఇరవై నిమిషాలు కూర్చున్నాక మనిషి అలిసిపోయి భుజం జారుతుంది చూడండి, పొట్ట వదులవుతుంది, అప్పుడు గీయండి. తర్వాత విశ్రాంతి, టీ.

రంగు దగ్గరే మనవాళ్ళు ఎక్కువ దెబ్బతింటారు. షాపుల్లో ఫ్లెష్ టింట్ అని ఒక గులాబీ రంగు ట్యూబు అమ్ముతారు, అది మన తోలు రంగు కాదు, కొనొద్దు. నూనె రంగుల్లో బర్న్ట్ సియెన్నా (ఎర్రటి గోధుమ), ఎల్లో ఓకర్ (మట్టి పసుపు), అల్ట్రామెరైన్ (ముదురు నీలం), కొంచెం అలిజరిన్ క్రిమ్సన్ (ముదురు ఎరుపు) చాలు. నల్లటి ఒంటి మీద మెరుపుకి ఉత్త తెలుపు పెడితే పిండి చల్లినట్టుంటుంది. కిటికీలోంచి ఆకాశం వెలుగు పడేచోట మెరుపు నీలంగా ఉంటుంది, నీడలు ఎర్రగా వెచ్చగా ఉంటాయి, ధైర్యంగా అలాగే వేయండి. బ్రిటిష్ చిత్రకారుడు లూసియన్ ఫ్రాయిడ్ ఒక్కో కుంచె వేటుకీ కుంచె తుడుచుకుని కొత్తగా రంగు కలిపేవాడు, అందుకే ఆయన బొమ్మల్లో ఒళ్ళు బరువుగా, బతికున్నట్టు ఉంటుంది. పాత నూలు చీర ముక్కలు పక్కన పెట్టుకుంటే మీరూ చేయొచ్చు. ఆయన వాడిన క్రెమ్నిట్జ్ వైట్ అనే తెల్ల రంగు సీసంతో చేసింది, విషం, దాని వెంట పడకుండా టైటానియం వైట్ వాడుకోండి. మొదటి పొరలు టర్పెంటైన్‌తో పల్చగా, పై పొరలు అవిసె నూనెతో చిక్కగా వేయాలి, తిరగేస్తే రంగు పగుళ్ళిస్తుంది.

కోరికని గీయాలనుకుంటే మెదక్ జిల్లా నిజాంపూర్‌లో పుట్టిన చిత్రకారుడు లక్ష్మాగౌడ్ గీతల దగ్గర కూర్చోండి. ఆయన బొమ్మల్లో ఆడామగా, మేకలూ చెట్లూ అన్నీ ఒకే నేల మీద మొలిచినట్టుంటాయి, అందులో దొంగచూపు ఎక్కడా కనపడదు. మీ బొమ్మలో దొంగచూపు ఉందో లేదో తెలియాలంటే, కూర్చున్న మనిషి స్థానంలో మీ ఒంటిని ఊహించుకుని ఆ భంగిమకి ఒప్పుకుంటారో లేదో ఆలోచించండి.

ప్రదర్శన పెట్టేటప్పుడు కేసు భయం ఉంటుంది. చిత్రకారుడు అక్బర్ పదమ్సీని 1954లో బొంబాయిలో 'లవర్స్' బొమ్మ గురించి అరెస్టు చేశారు, కోర్టులో ఆయనే గెలిచాడు. ఆయనవీ, మరో చిత్రకారుడు ఎఫ్.ఎన్. సౌజావీ నగ్న చిత్రాలు కస్టమ్స్ వాళ్ళు పట్టుకుంటే 2024లో బొంబాయి హైకోర్టు విడిపించింది. ఇప్పుడున్న భారతీయ న్యాయ సంహిత 294వ సెక్షన్ అశ్లీలానికి శిక్ష చెబుతూనే కళ కోసం చేసిన పనికి మినహాయింపు ఇస్తుంది, గుడి శిల్పాలకీ ఇస్తుంది, కోణార్క ఉన్న రాష్ట్రంలో ఆ మాట గట్టిగా చెప్పొచ్చు. అయినా హాలు గుమ్మం దగ్గరే లోపల నగ్న చిత్రాలున్నాయని తెలుగులోనూ ఒడియాలోనూ రాసి పెట్టండి. హాలు తెరవడానికి ముందు రోజు, బొమ్మలో ఉన్న మనిషిని ఒంటరిగా పిలిచి చూపించండి. వద్దంటే దించేసి, ఆ గోడ ఖాళీగా వదిలేయండి.