కార్బురేటర్ విప్పే ముందు

బైక్‌కు సైలెన్సర్ మార్చి, ఓపెన్ ఎయిర్ ఫిల్టర్ వేశాక గాలి ఎక్కువై పెట్రోలు చాలదు, ఇంజిన్ కాగిపోతుంది. తిరుపతి మే ఎండకు అది ఇంకా చేటు. కార్బురేటర్‌లో పెట్రోలును కొలిచి వదిలే చిన్న రంధ్రాల ముక్కలు, అంటే జెట్లు, మార్చక తప్పదు, కానీ ముందు ఇవి చూసుకోండి.

• ఇంజిన్ పూర్తిగా చల్లారాలి. పెట్రోల్ ట్యాప్ మూసి, ఫ్లోట్ బౌల్‌లో (కార్బురేటర్ అడుగున పెట్రోలు నిలిచే గిన్నె) మిగిలింది డబ్బాలోకి దించండి. దగ్గర్లో సిగరెట్ వద్దు.

• సైలెన్సర్ గాస్కెట్, కార్బురేటర్ రబ్బరు దగ్గర గాలి లీకవుతోందా? రబ్బరు పగిలి ఉంటే ఎన్ని జెట్లు మార్చినా దండగే. చాలామంది ఇక్కడే పప్పులో కాలేస్తారు. వాల్వ్ క్లియరెన్స్ (వాల్వుల దగ్గర ఉండాల్సిన సందు), ప్లగ్ కూడా చూడండి.

• గాలి, పెట్రోలు పాళ్లు సరిచేసే మిక్స్చర్ స్క్రూను మెల్లగా లోపలికి తిప్పుతూ చుట్లు లెక్కపెట్టి రాసుకోండి. ఆనగానే ఆపాలి. బిగించారంటే కొన చెడుతుంది, లోపల సీటూ పోతుంది. నీడిల్ (పెట్రోలు దారిలో పైకీ కిందికీ ఆడే సూది) క్లిప్ ఏ గాడిలో ఉందో, పాత జెట్ల నంబర్లేమిటో ఫోటో తీయండి.

• జెట్ మెత్తటి ఇత్తడి. సరిపోయే స్క్రూడ్రైవరే పెట్టండి, రంధ్రంలో తీగ గుచ్చొద్దు.

• ఒక్కసారికి ఒక్కటే మార్చండి.

• షట్టర్ దించి ఇంజిన్ నడపొద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు.

ట్రయల్‌కు తిరుమల ఘాట్ ఎక్కొద్దు. పైకి పోయేకొద్దీ గాలి పలచబడి మిక్స్చర్ రిచ్ అవుతుంది, అంటే పెట్రోలు పాలు ఎక్కువవుతుంది, లెక్క తప్పుతుంది. చంద్రగిరి వైపు వెళ్లండి, సైలెన్సర్ మోత తగ్గించే డీబీ కిల్లర్ మాత్రం తీయకండి. మోత మోగితే చలానా ఖాయం.