క్రూయిజ్ ఓడలో బట్టలు ఉతుక్కోవడం ఎలా? ఉతుక్కునే గది ఉన్న ఓడను ఎంచుకోవడం ఎలా?

అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరికి వచ్చిన అమ్మానాన్నలను వేసవిలో అలాస్కా క్రూయిజ్‌కు తీసుకెళ్లడం ఇప్పుడు మన కుటుంబాల్లో మామూలైంది. సియాటిల్‌లో ఓడ ఎక్కి, జూనో, స్కాగ్వే, కెచికన్ లాంటి ఊళ్లు చూసి, ఏడు రాత్రుల తర్వాత తిరిగొస్తారు. బయల్దేరే ముందు అందరూ రెండు విషయాలు అడుగుతారు. శాకాహార భోజనం దొరుకుతుందా? కడుపులో తిప్పుతుందా? విడిచిన బట్టల సంగతి మాత్రం మూడో రోజుకు గానీ గుర్తురాదు.

మాకూ అలాగే అయింది. రెండో రాత్రి ఓడ ఊగుడుకు మా చిన్నాడు రెండు జతల మీద వాంతి చేసుకున్నాడు. కెచికన్‌లో దిగేసరికి వాన. అక్కడ ఏడాదికి మూడున్నర వేల మిల్లీమీటర్లకు పైగానే కురుస్తుంది, అంటే మన విశాఖ వానకు మూడింతలు. చలికోట్లు, సాక్సులు, అమ్మ చీర కుచ్చెళ్లు అన్నీ తడిసిపోయాయి. ఆ ఓడలో మనం ఉతుక్కునే గది లేదు. ఓడ వాళ్లే ఉతికి ఇవ్వడానికి బట్టలు వేసి పంపే ఒక సంచి, ఒక ధరల కాగితం బీరువాలో ఉన్నాయి. అన్నీ ఆ సంచిలో కుక్కాను. అమ్మ తన లంగాలు, జాకెట్లు మాత్రం బయటికి తీసుకుంది. "నా ఒంటి బట్టలు ఇంకొకరి చేత ఉతికించుకోను" అంది. మేం నిద్రపోయాక, రెండు చేతులు కూడా సరిగా పట్టని ఆ సింకులో ఉతికి కుర్చీ వీపు మీద ఆరేసింది. తెల్లారేసరికి అవి ఆరలేదు. ఆ పొద్దున అమ్మ తడి జాకెట్ తోనే టిఫిన్‌కు వచ్చిందని నాకు మధ్యాహ్నం దాకా తెలియలేదు.

అప్పటి నుంచి నాది ఒకటే మాట. ఐదు రాత్రులు దాటి ప్రయాణం చేసే ప్రతి ఓడలోనూ ప్రయాణికులు తమ బట్టలు తామే ఉతుక్కునే గది ఉండాలి. డబ్బు తీసుకున్నా పర్వాలేదు, నాలుగు మెషిన్లున్నా చాలు. అలాంటి గది ఉన్న ఓడను ఎలా పట్టుకోవాలో, లేని ఓడలో ఎలా గడుపుకోవాలో కింద చెబుతున్నాను.

1. టికెట్ కొనే ముందే చూసుకోండి

ఓడ ఎంత పెద్దదన్నదాన్ని బట్టి ఈ సంగతి తేలదు. 2024లో ప్రయాణాలు మొదలుపెట్టిన ఐకాన్ ఆఫ్ ది సీస్ 7,600 మంది దాకా ప్రయాణికులను మోయగలదు. అందులో నీళ్ల పార్కు ఉంది, మంచు మీద స్కేటింగ్ ఉంది, ప్రయాణికుడు తానే నడుపుకునే వాషింగ్ మెషిన్ ఒక్కటీ లేదు. దాన్ని నడిపే రాయల్ కరీబియన్ కంపెనీ ఓడలన్నింటిదీ అదే పద్ధతి. సెలబ్రిటీ అనే కంపెనీ కూడా అంతే. కార్నివాల్ ఓడల్లో చాలావాటిలో, ప్రిన్సెస్, డిస్నీ ఓడల్లో ఈ గదులు ఉంటాయి, డబ్బు కట్టి వాడుకోవాలి. కునార్డ్ వారి క్వీన్ మేరీ 2లోనూ, వైకింగ్ సముద్ర ఓడల్లోనూ ఉచితం.

ఒకే కంపెనీలో కూడా ఓడకూ ఓడకూ తేడా ఉండొచ్చు. కంపెనీ పేరు చూసి ఊరుకోకుండా, మీరు ఎక్కబోయే ఓడ డెక్ ప్లాన్, అంటే ఒక్కో అంతస్తు పటం, తెరవండి. క్యాబిన్లుండే డెక్కుల మీద, నడవా మధ్యలో లాండ్రీ గుర్తు కనిపిస్తుంది. కనిపించకపోతే ఏజెంటుకు ఫోన్ చేసి ఒక్క ప్రశ్న సూటిగా అడగండి: "ప్రయాణికులు స్వయంగా ఉతుక్కునే మెషిన్లున్నాయా?" ఊరికే "లాండ్రీ ఉందా" అంటే ఉందనే చెబుతారు. సంచిలో వేసి పంపే లాండ్రీ దాదాపు అన్ని ఓడల్లోనూ ఉంటుంది.

గది ఉందని తేలితే, ఆ గదికి మరీ ఆనుకుని ఉన్న క్యాబిన్ తీసుకోకండి. తలుపుల చప్పుడు, డ్రైయర్ల హోరు వినిపిస్తాయి. నాలుగైదు తలుపుల దూరంలో ఉంటే పెద్దవాళ్లు నడిచి వెళ్లడానికి హాయిగా ఉంటుంది.

చెన్నై నుంచి విశాఖ, పుదుచ్చేరి వైపు నడిచిన కార్డీలియా లాంటి చిన్న ప్రయాణాలకు ఇంత తంటా అక్కర్లేదు. రెండు మూడు రాత్రులకు బట్టలు ఎలాగూ సరిపోతాయి.

2. గది పెట్టకపోవడానికి కంపెనీలు చెప్పే కారణాల్లో నిజమెంత?

ఇది తెలిస్తే మనం అడిగేటప్పుడు గట్టిగా అడగొచ్చు. అందుకే ఇక్కడ కొంచెం ఎక్కువ రాస్తున్నాను.

మొదటిది జాగా. ఓడలో ప్రతి చదరపు అడుగూ డబ్బే. ఆ గది స్థానంలో ఒక క్యాబిన్ పెడితే వారం వారం అద్దె వస్తుంది. పైగా సంచి లాండ్రీ మీద కూడా ఆదాయం ఉంటుంది. తరచూ వచ్చే ప్రయాణికులకు ఉచిత లాండ్రీ ఒక బహుమానంగా ఇస్తారు కాబట్టి, అది అందరికీ దొరికితే ఆ బహుమానానికి విలువ పోతుంది. వ్యాపారంగా చూస్తే ఇదంతా అర్థమవుతుంది. కానీ ఇది కంపెనీ లెక్క, ప్రయాణికుడి అవసరం కాదు.

రెండోది నీళ్లు. చాలామంది ఓడలో నీటి కొరత అనుకుంటారు. పెద్ద ఓడలు సముద్రపు నీటిని మరిగించి ఆవిరిని పట్టుకునీ, పొరల గుండా వడకట్టీ మంచినీళ్లు తయారు చేసుకుంటాయి. అసలు ఇబ్బంది వాడిన నీళ్లతో. బట్టలుతికిన నీళ్లను, స్నానాల నీళ్లను కలిపి గ్రే వాటర్ అంటారు. ఓడల కాలుష్యాన్ని అరికట్టే అంతర్జాతీయ మార్పోల్ ఒప్పందంలోని మురుగు నిబంధనలు మరుగుదొడ్ల నీటికే గానీ ఈ నీళ్లకు వర్తించవు. అలాస్కాలో మాత్రం 2000, 2001లలో వచ్చిన చట్టాలతో దీని మీద కూడా కట్టడి పెట్టారు. కాబట్టి నీళ్ల గురించిన బాధ్యత నిజమైనదే. అయితే సంచిలో పంపిన బట్టలనూ అదే ఓడలో, అవే నీళ్లతో ఉతుకుతారు. మనం ఉతికితే వచ్చే మురుగు, వాళ్లు ఉతికితే రాకుండా పోదు.

మూడోది నిప్పు. దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. డ్రైయర్‌లో బట్టల నుంచి ఊడే నూలు పీచు దూదిలా పేరుకుంటుంది, చిన్న నిప్పురవ్వ చాలు. 1998 జులై 20న కార్నివాల్ ఎక్స్‌టసీ ఓడ మయామి రేవు దాటిన కాసేపటికే మంటలు లేచాయి. సిబ్బంది వాడే పెద్ద లాండ్రీలో వెల్డింగ్ చేస్తుండగా గాలి గొట్టాల్లో పేరుకున్న పీచు అంటుకుందని అమెరికా దర్యాప్తు సంస్థ తేల్చింది. అంటే ప్రమాదం ప్రయాణికులు ఉతుక్కునే గదికే పరిమితం కాదు, డ్రైయర్ ఉన్న ప్రతిచోటా ఉంటుంది. దాన్ని తప్పించేది పీచు తీయడం, గొట్టాలు శుభ్రం చేయడం, మనిషి కన్ను వేసి ఉంచడం.

ఇంకో మాట కూడా ఆలోచించాలి. గది లేనప్పుడు జనం ఏం చేస్తారు? ఇస్త్రీపెట్టెలు ఓడలోకి తేకూడదని నిషేధం ఉన్నా సూట్‌కేసు అడుగున దాచి తెస్తారు. బాల్కనీలో తువ్వాళ్లు, చొక్కాలు ఆరేస్తారు. తనంతట తాను ఆగిపోయే ఇస్త్రీపెట్టెతో, పొగను పసిగట్టే పరికరంతో, రాత్రి తాళం వేసే ఒక గది ఇవ్వడం దీనికన్నా క్షేమమని నేను నమ్ముతున్నాను.

3. గది ఉంటే ఇలా వాడుకోండి

ఏడు రాత్రుల ప్రయాణంలో మూడో రోజో నాలుగో రోజో ఒక్కసారి ఉతికితే సరిపోతుంది. ఓడ రేవుకు ఆగకుండా సముద్రంలోనే ఉండే రోజు పొద్దున మాత్రం వెళ్లకండి. అందరూ అప్పుడే వస్తారు. రేవులో ఆగిన రోజు, జనం ఊరు చూడ్డానికి దిగిన మొదటి గంటలో గది ఖాళీగా ఉంటుంది. రాత్రి భోజనాల వేళ కూడా మంచిదే.

డబ్బు ఎక్కువగా క్యాబిన్ తలుపు తీసే కార్డుతోనే కట్టాలి. ఉతకడానికి, ఆరబెట్టడానికి విడివిడిగా, ఒక్కో విడతకు కొన్ని డాలర్లు అవుతుంది. సబ్బు పొడి అక్కడ కొనొచ్చు గానీ ఇంటి నుంచి కాగితాల్లా ఉండే డిటర్జెంట్ షీట్లు తెచ్చుకుంటే బరువుండదు, ఒలికిపోదు. ఇవి ముందు తలుపుండే మెషిన్లు, నీళ్లు తక్కువ తీసుకుంటాయి. ఇంట్లో వేసినంత సబ్బు వేస్తే నురగ పోక బట్టలు జిగటగా వస్తాయి. సగం చాలు.

మెషిన్ వేయగానే ఫోన్‌లో టైమర్ పెట్టుకుని, అది మోగేసరికి అక్కడ ఉండండి. ఆలస్యమైతే వెనకాల వరుసలో ఉన్నవాళ్లు మీ బట్టలు తీసి బల్ల మీద పడేస్తారు, గొడవలు అక్కడే మొదలవుతాయి. డ్రైయర్ వేసే ముందు పీచు జల్లెడ బయటికి లాగి, పేరుకున్నది చేత్తో తీసేయండి. మీది అయ్యాక మళ్లీ తీయండి. ఈ ఒక్క పని ఎప్పుడూ మానకండి.

నేత చీరలు, రంగు పోయే ఖాదీ, జరీ ఉన్నవి డ్రైయర్‌లో వేయొద్దు. కాటన్ జాకెట్లు కుంచించుకుపోయి భుజాల దగ్గర పట్టేస్తాయి. పెద్దవాళ్లకు ప్రయాణం కోసం తేలిగ్గా ఆరే సింథటిక్ చీరలు రెండు, పలుచని లంగాలు మూడు పెడితే సగం బాధ తీరుతుంది.

4. గది లేకపోతే క్యాబిన్‌లో

ఇక్కడే అమ్మ ఇబ్బంది పడింది. అసలు సమస్య ఉతకడం కాదు, ఆరడం. క్యాబిన్‌లోకి ఎండ రాదు, గాలి ఆడదు. కాబట్టి బట్టలో నీళ్లు మిగలకుండా పిండటమే కిటుకు.

రాత్రికి కాకుండా సాయంత్రం స్నానం చేయగానే ఉతకండి. సింకు బిరడా లూజుగా ఉంటే జిప్ ఉండే పెద్ద ప్లాస్టిక్ సంచిలో నీళ్లు, సబ్బు, బట్ట వేసి మూతి బిగించి పిసకండి. చిన్న బకెట్ లాగే పనిచేస్తుంది. షవర్ కింద జాడించి, చేత్తో పిండండి. తర్వాత పొడి తువ్వాలు పరిచి, దాని మీద బట్ట పరిచి, చాప చుట్టినట్టు చుట్టి, పైకెక్కి నాలుగు సార్లు తొక్కండి. తువ్వాలు తడుస్తుంది, బట్ట తేమగా మాత్రమే మిగులుతుంది. ఇలా చేసిన జాకెట్ తెల్లారేసరికి ఆరిపోతుంది. తడిసిన తువ్వాలు నేల మీద వేస్తే క్యాబిన్ కుర్రాడు మార్చి వేరేది ఇస్తాడు.

షవర్ గోడకు చాలా ఓడల్లో చిన్న గుండ్రటి డబ్బా ఉంటుంది. అందులోంచి తాడు లాగి ఎదుటి గోడ కొక్కేనికి తగిలిస్తే అదే దండెం. బరువైనవి వేయకండి, తెగుతుంది. క్యాబిన్ గోడలు ఎక్కువగా ఇనుప రేకువి, కాబట్టి అయస్కాంతం కొక్కేలు నాలుగు తెచ్చుకుంటే హ్యాంగర్లు ఎక్కడైనా తగిలించుకోవచ్చు. స్నానాల గది తలుపు ఓరగా తెరిచి ఉంచితే ఏసీ గాలి అందులోకి పోయి తేమను లాక్కెళ్తుంది.

బాల్కనీలో మాత్రం ఆరేయకండి. గాలికి ఎగిరి సముద్రంలో పడతాయి, అంతకన్నా నిప్పు భయం ఉంది. 2006 మార్చి 23న జమైకా వైపు వెళ్తున్న స్టార్ ప్రిన్సెస్‌లో మంట బాల్కనీలోనే మొదలైంది. ఆర్పకుండా పారేసిన సిగరెట్ ముక్క కారణమై ఉండొచ్చని దర్యాప్తులో తేలింది. ఒక ప్రయాణికుడు చనిపోయాడు, పదుల కొద్దీ క్యాబిన్లు కాలిపోయాయి.

5. సంచి లాండ్రీకి ఏం పంపాలి

జీన్స్, టీషర్టులు, పిల్లల బట్టలు, తువ్వాళ్లు పంపొచ్చు. ఒక్కో బట్టకు లెక్క కట్టే ధర ఎక్కువ. ప్రయాణం మధ్యలో ఒక రోజు, సంచి నిండా ఎంత పట్టినా ఒకే ధర అని కాగితం పెడతారు, దాని కోసం ఆగండి. తిరిగి రావడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది. చివరి రెండు రోజుల్లో పంపి టెన్షన్ పడకండి. పంపిన ప్రతిదీ ఫోటో తీసి పెట్టుకోండి.

మడి పాటించే పెద్దవాళ్లున్నా, ఒంటి బట్టలు ఇతరులకు ఇవ్వడానికి మొహమాటపడే వాళ్లున్నా బలవంతం చేయకండి. "ఓడలో అందరూ ఇచ్చేస్తారులే" అని తేల్చేయడం నేను చేసిన తప్పు. వాళ్లు వద్దన్నప్పుడు సాయంత్రమే మీరు తువ్వాలు పట్టుకుని పక్కన నిలబడండి.

6. దిగాక అడగండి

దిగే ముందు రాత్రి పెద్ద సూట్‌కేసులు తలుపు బయట పెట్టేయమంటారు. తేమ ఉన్న బట్టలు అందులో పెట్టకుండా చేతి సంచిలో ఉంచుకోండి, లేకపోతే ఇంటికొచ్చేసరికి ముక్కిపోయిన వాసన వేస్తాయి.

ప్రయాణం అయ్యాక కంపెనీ నుంచి ఈమెయిల్‌లో ఒక ఫారం వస్తుంది. భోజనానికి, షోలకు మార్కులు వేసి వదిలేయకండి. కింద ఖాళీ పెట్టెలో మీతో ఎంతమంది వచ్చారు, అందులో పిల్లలెవరు, పెద్దవాళ్లెవరు, ఏ రోజు బట్టలకు ఇబ్బంది పడ్డారు, ఉతుక్కునే గదికి ఎంత ఇవ్వడానికి సిద్ధం అన్నది రాయండి. నేను అమ్మ తడి జాకెట్ సంగతి రాశాను. ఆ తర్వాతి ప్రయాణానికి ఓడ వెతికేటప్పుడు అన్నింటికన్నా ముందు డెక్ ప్లాన్ తెరిచి, లాండ్రీ గుర్తు ఏ డెక్ మీద ఉందో చూసి, అదే డెక్‌లో అమ్మానాన్నలకు క్యాబిన్ తీసుకున్నాను.