యాస్పర్స్‌ను పిల్లలతో కూర్చుని చదవాలంటే

హిట్లర్ తర్వాత యూరప్ తత్వవేత్తలు తమను తాము ఎలా నిలదీసుకున్నారో డిగ్రీ పిల్లలతో చదవాలనుకుంటే జర్మన్ తత్వవేత్త అడోర్నోతో మొదలుపెట్టకండి. నాజీల మరణ శిబిరం ఆష్‌విట్స్ తర్వాత కవిత్వం రాయడం అనాగరికమన్న ఆయన మాట వినగానే చర్చంతా కవిత్వం మీదికి పోతుంది. మరో జర్మన్ తత్వవేత్త కార్ల్ యాస్పర్స్‌ను ముందు పెట్టండి. భార్య యూదురాలని నాజీలు 1937లో ఆయన ఉద్యోగం తీసేశారు. అయినా యుద్ధం అయిపోయాక తనకేం సంబంధం అనలేదు. జర్మన్ల అపరాధం మీద హైడల్‌బర్గ్‌లో పాఠాలు చెప్పి, 1946లో పుస్తకం వేశారు.

మా బరంపురంలో పిల్లలకు ఇంట్లో తెలుగు, బయట ఒడియా, పుస్తకం ఇంగ్లీషు. అందుకే పేరా ఇంగ్లీషులో చదివించి, వాదన తెలుగులో నడిపిస్తాను. యాస్పర్స్ విడదీసిన నాలుగు రకాల అపరాధాలకు చార్టు మీద నాలుగు గళ్లు గీయించండి. మొదటిది నేరం, తీర్పు కోర్టుది. రెండోది రాజ్యం చేసినదానికి పౌరులందరూ మోయాల్సిన భారం, అదెంతో గెలిచినవాళ్లు తేలుస్తారు. మూడోది చేసినదానికీ, చూసి ఊరుకున్నదానికీ ఎవరి మనస్సాక్షికి వాళ్లు చెప్పుకోవాల్సిన జవాబు. నాలుగోది తోటి మనిషిని చంపుతుంటే తాను బతికి ఉన్నందుకు మోసే అపరాధం, దానికి తీర్పరి దేవుడొక్కడే అంటారాయన. ఇక్కడ తొందరపడకండి, ఒక పూట పోయినా పర్వాలేదు.

1933లో ఫ్రైబర్గ్ యూనివర్సిటీ రెక్టరై, నాజీ పార్టీలో చేరిన తత్వవేత్త హైడెగర్ పేరు ఏ గడిలో రాయాలో పిల్లల్నే తేల్చమనండి. మా దగ్గర ఒకమ్మాయి మూడో గడిలో ఆ పేరు రాసి, దాని కింద "మా తాతగారి ఊరి టీకొట్టు, రెండు రకాల గ్లాసులు" అని రాసింది. "మేడమ్, ఇది రెండో గడిలోకి కూడా రాదా?" అని అడిగింది. అలాంటప్పుడు మీరు జవాబు చెప్పేయకండి, మిగతావాళ్లను మాట్లాడనివ్వండి.

తర్వాత ఎమే సెజేర్. యాస్పర్స్ చూపు జర్మనీ మీదే ఉంది, యూరప్ ఏలిన వలస రాజ్యాల దాకా వెళ్లలేదు. అల్జీరియా అరబ్బుల మీద, ఇండియా కూలీల మీద, ఆఫ్రికా నల్లవాళ్ల మీద యూరప్ నడిపిన పద్ధతుల్నే హిట్లర్ యూరప్ మీదికి తెచ్చాడని 1950లో రాసింది కరీబియన్ దీవి మార్టినిక్‌కు చెందిన ఈ కవి. కూలీల మాట దగ్గర ఆపండి. గోపాల్‌పూర్‌లో స్టీమరెక్కి రంగూన్ వెళ్లినవాళ్ల గురించి ఇంట్లో పెద్దవాళ్లను అడిగి రమ్మనండి. అయితే దీన్ని పట్టుకుని సుమారు 60 లక్షల మంది యూదుల చావును ఎవరైనా తేలిక చేస్తుంటే అక్కడికక్కడే అడ్డుపడండి. సెజేర్ చెప్పింది అది కాదు.

అడోర్నో ఆఖర్న. బాధపడేవాడికి అరిచే హక్కున్నట్టే బాధకు తనను చెప్పుకునే హక్కుందని 1966లో ఆయనే తన పాత మాటను మళ్లీ తూచుకున్నారని చెప్పండి. అదే ఏడాది చదువు గురించి చేసిన రేడియో ప్రసంగం చిన్నదే, బీఎడ్ పిల్లలుంటే వాళ్లచేతే చదివించండి.