ఆర్‌ఎక్స్ 100కి కొత్త పిస్టన్ వేసే ముందు, పాతది ఎందుకు పోయిందో చూడండి

ఇంట్లో మూలన పడి ఉన్న యమహా ఆర్‌ఎక్స్ 100 బైకుని లేపుదామని కూర్చున్నప్పుడు నేను చేసిన మొదటి తప్పు, నేరుగా పిస్టన్ కొనుక్కొచ్చి వేసేయడం. బోరింగ్ చేయించి (సిలిండర్ లోపలి గోడని పిస్టన్‌కి సరిపడా కోయించి), రింగులు వేసి, బిగించి తిప్పితే ఆరు వందల కిలోమీటర్లకే పిస్టన్ సిలిండర్‌లో ఇరుక్కుని మళ్ళీ పట్టేసింది. మళ్ళీ ఒక సైజు పెంచి బోరింగ్. రెండోసారి కూడా పట్టేశాక గానీ మాగ్నెట్ (క్రాంక్ చివర తిరుగుతూ కరెంటు పుట్టించే చక్రం) వెనక ఉన్న ఆయిల్ సీల్ ఎండిపోయి గట్టిపడిందని తెలియలేదు. వంద రూపాయలు కూడా చేయని సీల్ కోసం రెండు పిస్టన్లు తగలేశాను.

అందరికీ తెలిసిన బండే, 1985లో వచ్చి 1996 దాకా తయారైంది. 98 సీసీ, బోరు 50 మిల్లీమీటర్లు, స్ట్రోకూ 50. టూ స్ట్రోక్ కాబట్టి హెడ్డులో వాల్వులు, క్యామ్, టైమింగ్ చైన్ ఏవీ లేవు, అందుకే ఇంజన్ పని నేర్చుకోవడానికి ఇంతకంటే సులువైనది దొరకదు. కాకపోతే టూ స్ట్రోక్‌లో పెట్రోలు, గాలి, ఆయిలు కలిసి ముందు క్రాంక్‌కేస్‌లోకి (సిలిండర్ కింద క్రాంక్ తిరిగే గదిలోకి) వెళ్ళి అక్కణ్ణుంచి పైకి వస్తాయి. అంటే క్రాంక్‌కేస్‌కి ఎక్కడ చిన్న సందు ఉన్నా బయటి గాలి లోపలికి లాగేస్తుంది, మిశ్రమం పల్చబడుతుంది, వేడెక్కి పిస్టన్ పట్టేస్తుంది.

కాబట్టి విప్పకముందే లీకు పరీక్ష చేయండి. దీనికి పెద్ద పరికరాలేం అక్కర్లేదు, ఇంట్లో పాత బీపీ మిషన్ ఉంటే చాలు (డిజిటల్ కాదు, చేత్తో నొక్కే బల్బు, ముల్లు ఉండేది). సైలెన్సర్ తీసేసి ఆ పోర్టుకి (పొగ బయటికొచ్చే రంధ్రానికి) సైకిల్ ట్యూబ్ ముక్క అడ్డం పెట్టి పైన రేకు బిగించండి. కార్బురేటర్ తీసేసి ఆ రబ్బరు జాయింట్‌లో బిరడా పెట్టి, బిరడాకి రంధ్రం చేసి బీపీ మిషన్ గొట్టాలు దూర్చండి, ఒకటి బల్బుకి, ఒకటి మీటరుకి. ప్లగ్ బిగించే ఉంచి, పిస్టన్ కిందికి వచ్చేలా ఇంజన్ తిప్పి, ముల్లు 250 దాకా కొట్టండి. అది దాదాపు 5 పీఎస్ఐ, అంతకు మించి కొట్టొద్దు. ముల్లు నిమిషాల తరబడి అక్కడే నిలబడితే సీల్స్ బాగున్నట్టే. దిగిపోతుంటే సబ్బు నురగ తీసుకుని బేస్ గాస్కెట్ (సిలిండర్ కింద ఉండే పొర), హెడ్డు, కార్బురేటర్ జాయింట్ చుట్టూ రాయండి. ఎడమ వైపు మాగ్నెట్ విప్పి వెనక సీల్ మీద కూడా రాయండి. నాకు అక్కడే బుడగలొచ్చాయి. బయట ఎక్కడా రాకుండా ముల్లు మాత్రం దిగుతుంటే గేర్ ఆయిల్ పోసే మూత తీసి ఆ రంధ్రం మీద నురగ పెట్టి చూడండి. అక్కడ బుడగ ఉబ్బితే క్లచ్ వైపు సీల్ పోయింది, బండి తెల్ల పొగ ఆపకుండా కక్కడం, గేర్ ఆయిల్ తగ్గిపోవడం కూడా దాని పనే.

ఇక విప్పడం. కవర్ల ప్లస్ స్క్రూలతో జాగ్రత్త, ఇన్నేళ్ళలో ఎంతమంది చేతుల్లో పడ్డాయో, తలలు అరిగిపోయి ఉంటాయి. మామూలు స్క్రూ డ్రైవర్‌తో కుస్తీ పట్టకుండా ఇంపాక్ట్ డ్రైవర్ (వెనక సుత్తితో కొడితే తిరిగేది) కొనుక్కోండి. మాగ్నెట్‌కి పుల్లర్ (మరతో బిగించి బయటికి లాగే పనిముట్టు) కావాల్సిందే, సుత్తితో కొడితే క్రాంక్ వంకరపోతుంది. ఒక అట్టముక్క మీద కవర్ ఆకారం గీసి, ఏ రంధ్రంలో స్క్రూ అక్కడే గుచ్చి పెట్టండి, పొడుగులు వేరువేరుగా ఉంటాయి. ఫోన్‌లో ఫొటోలు ఎలాగూ తీస్తారు, కానీ మూడు వారాల తర్వాత పనికొచ్చేది ఆ అట్టే.

పిస్టన్ బయటికి వచ్చాక దాన్ని పారేయకండి, వెలుగులో తిప్పి చూడండి. గీతలు సైలెన్సర్ వైపే ఉంటే వేడెక్కడమో, ఆయిలు చాలకపోవడమో. నాలుగు మూలలా సమానంగా రాసుకుంటే బోరింగ్‌లో క్లియరెన్స్ తక్కువ ఇచ్చారు, లేదా చల్లటి ఇంజన్‌ని స్టార్ట్ చేసిన వెంటనే తోలారు. కార్బురేటర్ వైపు సన్నటి నిలువు గీతలుంటే ఎయిర్ ఫిల్టర్ లేకుండా తిప్పిన బండి, దుమ్ము తాగింది. సౌండ్ కోసం ఫిల్టర్ పీకేసే కుర్రాళ్ళ బండ్లన్నిట్లో ఇదే కనిపిస్తుంది. తల మధ్యలో రంధ్రం పడితే మిశ్రమం బాగా పల్చబడిందో, ఇగ్నిషన్ టైమింగ్ ముందుకు జరిగిందో చూడాలి.

అలాగే పిస్టన్‌ని క్రాంక్‌కి కలిపే కనెక్టింగ్ రాడ్డుని పట్టుకుని పైకీ కిందికీ లాగి చూడండి. పక్కలకి కాస్త కదలడం మామూలే, పైకీ కిందికీ మాత్రం ఇసుమంత కూడా టక్‌మనకూడదు. టక్‌మంటే ఫుల్ ఇంజన్ విప్పి రాడ్ కిట్ వేయించాల్సిందే. క్రాంక్ ప్రెస్సింగ్ ఇంట్లో అయ్యే పని కాదు, డయల్ గేజ్ పెట్టి సరిచేసే లేత్ వాడి దగ్గరికే వెళ్ళండి. క్రాంక్‌కేస్ పగిలిందని వేరే బండిది వేస్తే మాత్రం ఇంజన్ నంబర్ ఆర్సీతో కలవదు, ఆర్టీఏ తలనొప్పి మొదలవుతుంది.

బోరింగ్‌కి వెళ్ళేటప్పుడు ముందు పిస్టన్ కొనుక్కుని, సిలిండర్‌తో పాటు దాన్నీ ఇవ్వండి. హైదరాబాద్‌లో పుత్లీబౌలి, విజయవాడలో ఆటోనగర్ తిరిగితే 0.25 మిల్లీమీటర్ల నుంచి పైసైజు పిస్టన్లు దొరుకుతాయి, కానీ డబ్బా మీద రాసినదాన్ని నమ్మొద్దు. చేతిలో ఉన్న పిస్టన్‌ని కొలిచి దానికి తగ్గట్టు బోరు చేయాలి. సిలిండర్ తిరిగొచ్చాక పోర్టుల అంచుల మీద వేలు పెట్టి చూడండి. నేను మొదటిసారి ఇచ్చిన షాపులో బ్లేడులా పదునుగా వదిలేశారు, అలా ఉంటే రింగు అంచు అక్కడ తగులుకుని విరుగుతుంది. సన్నటి ఎమరీ పేపర్‌తో ఆ అంచుల్ని కొంచెం గుండ్రం చేసి, తర్వాత సబ్బు నీళ్ళతో రుద్ది రుద్ది కడగండి. తెల్లగుడ్డ పెట్టి తుడిస్తే నల్లటి మరక రాకూడదు. కడిగి ఆరగానే ఆయిలు రాయండి, లేకపోతే గంటలో తుప్పు పడుతుంది.

బిగించేటప్పుడు క్రాంక్‌కేస్ నోట్లో గుడ్డ కుక్కండి. ఇది చదివి ఎవరైనా నవ్వుకోవచ్చు, కానీ నా చేతిలోంచి సర్‌క్లిప్ (పిస్టన్ పిన్ను జారకుండా ఆపే తీగ రింగు) ఎగిరి సరిగ్గా లోపలికే పడింది, మాగ్నెట్ ముక్క దారానికి కట్టి చేపలు పట్టినట్టు రెండు గంటలు పట్టాను. ఆ సర్‌క్లిప్‌లు కొత్తవే వేయండి, వాటి తెరిచిన భాగం గాడికి ఎదురుగా రాకుండా పైకి గానీ కిందికి గానీ ఉండాలి. పిస్టన్ తల మీది బాణం గుర్తు సైలెన్సర్ వైపు. రింగు చివరలు గాడిలోని చిన్న పిన్నుకి రెండు పక్కలా సరిగ్గా కూర్చోవాలి, కూర్చోకుండా సిలిండర్ దించితే పుటుక్కున విరుగుతాయి. హెడ్డు నట్లు ఎదురెదురుగా, రెండు మూడు విడతల్లో బిగించండి. అంతా బిగించాక బీపీ మిషన్ పెట్టి మళ్ళీ చూడండి. నేనైతే ముల్లు నిలబడితే గానీ కిక్ కొట్టను.

మొదటి రెండు ట్యాంకులకి లీటరుకి 30 నుంచి 40 మిల్లీలీటర్ల 2టీ ఆయిల్ పోయండి, పొగొస్తే రానివ్వండి. 500 కిలోమీటర్ల దాకా 50 దాటొద్దు, ఒకే స్పీడులో హైవే మీద లాగొద్దు, ఘాట్ దిగేటప్పుడు ఆక్సిలేటర్ పూర్తిగా వదిలేయొద్దు, ఎందుకంటే పెట్రోలుతో పాటే ఆయిలూ ఆగిపోతుంది. మొదటి రైడు అయ్యి ఇంజన్ పూర్తిగా చల్లారాక హెడ్డు నట్లు ఇంకోసారి సరిచూసి, ప్లగ్ తీసి చూడండి. కాఫీ పొడి రంగులో ఉంటే తోలుకోండి. తెల్లగా సున్నం రాసినట్టుంటే బండి పక్కన పెట్టి మళ్ళీ సబ్బు నురగ కలపండి.