తెల్ల స్క్రీన్ వచ్చిందని ఫ్రేమ్‌వర్క్ మార్చకండి

"అన్నా, రియాక్ట్ తీసేసి వ్యూలో రాద్దామా?" నల్గొండ, మహబూబ్‌నగర్ తమ్ముళ్ల నుంచి నెలకోసారైనా ఈ ఫోన్ వస్తుంది. రియాక్ట్, వ్యూ రెండూ వెబ్ స్క్రీన్లు రాయడానికి వాడే ఫ్రేమ్‌వర్కులు, అంటే ముందే సిద్ధం చేసిన కోడ్. ఏమైందని అడిగితే చెప్పేవి దాదాపు కింద రాసిన ఈ మూడు సమస్యలే. బ్రౌజర్‌లో ఎఫ్12 నొక్కితే వచ్చే డెవ్‌టూల్స్‌లో కన్సోల్ (తప్పులు చూపేది), నెట్‌వర్క్ (వచ్చిన ఫైళ్లు చూపేది) ట్యాబులు చూశావా అంటే మాత్రం అటునుంచి మాట రాదు. ముందు అది చూడండి, తర్వాత ఫోన్ చేయండి.

సమస్య: ఫోన్‌లో తెరుచుకోవడానికి చాలాసేపు పడుతుంది

రియాక్ట్ అయినా వ్యూ అయినా కుదించి పంపితే వంద కేబీ కూడా ఉండదు. నెట్‌వర్క్ ట్యాబులో ఏది పెద్దదో చూడండి. సర్వర్‌లో జీజిప్ (ఫైళ్లను కుదించి పంపేది) ఆన్ చేసి ఉండరు, లేదా నాలుగు ఐకాన్ల కోసం మొత్తం లైబ్రరీ తెచ్చుకుని ఉంటారు, లేదా ఫోన్‌లో తీసిన ఫొటో తీసినట్టే పెట్టి ఉంటారు. ఒకాయనైతే బిల్డ్ చేయకుండా (కోడ్‌ను చివరి ఫైళ్లుగా కుదించకుండా) సర్వర్‌లో, కోడ్ రాసేటప్పుడు వాడే డెవ్ మోడ్‌నే నడిపిస్తున్నాడు!

సమస్య: లిస్టులో ఒక వరుస తీసేస్తే అందులో టైప్ చేసింది పక్క వరుసలో కనిపిస్తుంది

ఏ వరుస ఏదో గుర్తుపట్టే కీ దగ్గర ఇండెక్స్, అంటే వరుస నంబరు, ఇచ్చారు. ఒక వరుస తీస్తే ఆ నంబర్లు జరుగుతాయి. డేటాబేస్ ఐడీ ఇవ్వండి. వ్యూకి మారినా అక్కడా ఇదే కీ.

సమస్య: కొత్త వెర్షన్ పెట్టాక కొందరికి మాత్రమే తెల్ల స్క్రీన్

దీనితో నేనే దెబ్బతిన్నాను. మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లుకు కాంటా ఎంట్రీ స్క్రీన్ రాసిచ్చాను. యాసంగి వడ్లు వచ్చే రోజుల్లో ఒక మధ్యాహ్నం చిన్న మార్పు పెట్టాను. నా ల్యాప్‌టాప్‌లో అంతా బాగుంది. కాంటా దగ్గరి అబ్బాయి పొద్దున తెరిచిన ట్యాబులోనే రిపోర్టు బటన్ నొక్కాడు, స్క్రీన్ తెల్లబడింది. బయట లారీల లైను, ఇటు సేటు ఫోన్ల మీద ఫోన్లు. రీలోడ్ చేయమంటే వచ్చింది కాబట్టి వదిలేశాను. రెండు వారాలకు మళ్లీ అదే లొల్లి. నేనూ రియాక్ట్‌నే తిట్టుకుని, రౌటర్ (యాప్‌లో పేజీలు మార్చే లైబ్రరీ) మార్చి, రెండు రాత్రులు పాడుచేసుకున్నాను.

కారణం ఇదీ. బిల్డ్ చేసినప్పుడు మారిన జావాస్క్రిప్ట్ ఫైలు పేరులో కొత్త అక్షరాలు చేరతాయి. నేను పాత ఫోల్డర్ తుడిచి కొత్తది పెట్టాను. ఆ ట్యాబు పాత పేరుతోనే ఫైలు అడిగింది. ఆ ఫైలు లేదని సర్వర్ 404 చెప్పినా త్వరగా దొరికేది. కానీ రౌటింగ్ (ఏ అడ్రస్‌కు ఏ పేజీ) కోసం సర్వర్ సాఫ్ట్‌వేర్ ఇంజిన్‌ఎక్స్‌లో "ఏది దొరక్కపోయినా ఇండెక్స్ (మొదటి హెచ్‌టీఎంఎల్ పేజీ) పంపు" అని రాసింది నేనే కదా! జావాస్క్రిప్ట్ అడిగితే హెచ్‌టీఎంఎల్ పంపింది, పైగా స్టేటస్ 200, అంటే అంతా సరే అని. కన్సోల్‌లో 'అన్‌ఎక్స్‌పెక్టెడ్ టోకెన్ <' అని గానీ, మైమ్ టైప్ (ఫైలు రకం) టెక్స్ట్/హెచ్‌టీఎంఎల్ అని గానీ కనబడితే ముందు దీన్నే అనుమానించండి.

ట్యాబు కొత్తగా తెరిచినవాళ్లకూ ఇది రావచ్చు. ఇండెక్స్‌ను ఎన్నాళ్లు దాచుకోవాలో సర్వర్ చెప్పకపోతే బ్రౌజర్ తనే లెక్క వేసుకుంటుంది. ఫైలు మారి ఎన్ని రోజులైందో అందులో పదో వంతు అనేది మామూలుగా వాడే లెక్క. నెల రోజులు ముట్టని ఇండెక్స్ అయితే మూడు రోజులు పాతదే నడుస్తుంది. మనకెందుకు కనబడదంటే, మనం డెవ్‌టూల్స్ తెరిచి 'డిసేబుల్ క్యాష్' (దాచినవి వాడొద్దు) టిక్ పెట్టుకుని కూర్చుంటాం.

పరిష్కారం: ఇండెక్స్‌కు క్యాష్-కంట్రోల్ (ఎలా దాచుకోవాలో బ్రౌజర్‌కు చెప్పే హెడర్) 'నో-క్యాష్' పెట్టండి. దాచుకోవద్దని కాదు దాని అర్థం, వాడేముందు ప్రతిసారీ సర్వర్‌ను అడగమని. బిల్డ్ చేసిన ఫైళ్లుండే అసెట్స్ ఫోల్డర్‌కు ఏడాది, అంటే 31536000 సెకన్లు, ఇవ్వొచ్చు. పేరే మారుతుంది కాబట్టి భయం లేదు. ఆ ఫోల్డర్‌కు ఇంజిన్‌ఎక్స్‌లో వేరే లొకేషన్ (విడి నియమం) రాసి, దొరక్కపోతే 404 ఇవ్వమనండి. పాత ఫైళ్లను వారం పది రోజులు ఉండనివ్వండి. బిల్డ్ చేయడానికి వీట్ అనే టూల్ వాడుతుంటే 'ప్రీలోడ్ ఎర్రర్' (ఫైలు లోడ్ కాలేదని చెప్పే) ఈవెంట్ పట్టుకుని పేజీని రీలోడ్ చేయించండి, కానీ ఒక్కసారే. లేకపోతే అది రీలోడ్ అవుతూనే ఉంటుంది. సగం నింపిన ఫారం ఉంటే దాన్ని ముందే దాచండి, లేదంటే కాంటా అబ్బాయి తిట్లు మీకే.

సర్వీస్ వర్కర్ (బ్రౌజర్‌లో వెనకాల ఉండి ఫైళ్లు దాచిపెట్టగల స్క్రిప్ట్) పెట్టి ఉంటే దాన్ని తీసేసి చూడండి. ఎక్స్‌టెన్షన్లు, యాంటీవైరస్, మరీ పాత ఫోన్లు: నాకు చాలా అరుదుగా తగిలాయి, చివర్లో చూసుకోవచ్చు.

నిజంగా మార్చాల్సినవీ ఉన్నాయి. పాత ఫ్రేమ్‌వర్క్ యాంగ్యులర్‌జేఎస్‌కు సపోర్ట్ 2021 డిసెంబర్‌తో, వ్యూ 2కు 2023 డిసెంబర్‌తో అయిపోయింది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు మీరు ఊళ్లో లేనప్పుడు కోడ్ చూసే మనిషికి ఏది వస్తే అది తీసుకోండి. రియాక్టే అయితే మాత్రం కొత్త ప్రాజెక్టు మొదలుపెట్టే పాత టూల్ క్రియేట్ రియాక్ట్ యాప్ జోలికి పోవద్దు. 2025 ఫిబ్రవరిలో రియాక్ట్ టీమే దాన్ని పక్కన పెట్టింది. వీట్‌తో మొదలుపెట్టండి.