కొలాజ్ పాఠాలు – 4: చించిన బొమ్మకు మళ్ళీ ప్రాణం పోయకండి

పోయినసారి మీ పాత బొమ్మలను చించి, ఆ ముక్కలను అతికించి కొలాజ్ చేయమన్నాను. మీరు పంపినవాటిలో చాలావరకు చెట్టు మళ్ళీ చెట్టుగానే, ముఖం మళ్ళీ ముఖంగానే తయారైంది. అందుకే రంగుల పొందిక గురించిన పాఠాన్ని వాయిదా వేసి, ముందుగా లీ క్రాస్నర్ పని చూద్దాం.

ఆమె బ్రూక్లిన్‌లో పుట్టిన నైరూప్య చిత్రకారిణి, అమెరికన్ చిత్రకారుడు జాక్సన్ పొలాక్ భార్య. 1951లో న్యూయార్క్‌లోని బెట్టీ పార్సన్స్ గ్యాలరీలో పెట్టిన ప్రదర్శనలో ఒక్క చిత్రమూ అమ్ముడుపోలేదు. 1953లో ఒకరోజు, తన స్టూడియో గోడల నిండా ఉన్న నలుపు తెలుపు డ్రాయింగులు నచ్చక, అన్నిటినీ చించి నేలమీద పడేసి వెళ్ళిపోయారు. కొన్ని వారాల తర్వాత తలుపు తీస్తే, కలగాపులగంగా పడి ఉన్న ఆ ముక్కలే ఆమె కంటికి కొత్తగా కనిపించాయి. అక్కడినుంచి కొలాజ్‌లు మొదలయ్యాయి. అమ్ముడుపోని ఆ 1951 కాన్వాసుల మీదే వాటిని అతికించారు. పొలాక్ వదిలేసిన కాన్వాసులనూ కోసి వాడుకున్నారు. 1955లో స్టేబుల్ గ్యాలరీలో ప్రదర్శించిన పని ఇదే.

ఆ కొన్ని వారాల విరామమే మీ పనిలో లేదు. చించిన వెంటనే కూర్చుంటే ఏ ముక్క ఎక్కడిదో చేతికి ఇంకా గుర్తుంటుంది. కన్ను ఉన్న ముక్కను పైకి, గడ్డం ముక్కను కిందికి జరుపుతారు. ముక్కను తలకిందులు చేయండి. అప్పటికీ కన్ను కన్నుగానే కనిపిస్తే దాన్ని మరోసారి, కంటి మధ్యనుంచే చించండి. పక్కన వేరే బొమ్మ ముక్క పెట్టండి. తెల్ల అట్ట మీద మాత్రం మొదలుపెట్టకండి. అడుగున ఇదివరకే వేసిన రంగు ఉంటే, అదీ పైముక్కలతో మాట్లాడుతుంది.

నేను కత్తెర ముట్టను. చించిన అంచున కనిపించే కాగితపు నార నాకు కావాలి. కత్తెరే ఇష్టమైతే క్రాస్నర్ 1976 నాటి పని వెతికి చూడండి. హాన్స్ హాఫ్‌మన్ అనే చిత్రకళా గురువు దగ్గర నేర్చుకునే రోజుల్లో బొగ్గుతో వేసిన తన డ్రాయింగులను అందులో పదునైన అంచులతో కోశారు. మనుషుల ఆకారాలు అక్కడక్కడా మిగిలే ఉన్నా, పూర్తి మనిషి ఎక్కడా కుదురుకోడు.

అభ్యాసం: మూడు బొమ్మలు చించండి. వాటిలో ఒకటి మీరు దాచుకున్నవాటిలో అన్నిటికన్నా నచ్చినదై ఉండాలి. ముక్కలను కలిపి కట్టగట్టి రెండు వారాలు పక్కన పెట్టండి. తర్వాత పాత రంగుచిత్రం మీద జిగురు లేకుండా పేర్చి, నాలుగు వైపులనుంచీ చూడండి. ఏ వైపునుంచైనా పాత బొమ్మ పోల్చుకోగలిగితే అన్నీ తీసేసి మళ్ళీ పేర్చండి.