గువ్వల వేటకు ముందు చోక్, షాట్ సైజుల విషయంలో తీసుకోవలసిన జాగ్రత్తలు

అమెరికాలో మౌర్నింగ్ డవ్ అనే గువ్వ వేటకు సమాఖ్య నిబంధనలు అనుమతించే తొలి తేదీ సెప్టెంబరు 1. ఆ తేదీ దగ్గర పడుతుండగా చాలామంది నిరుడు మిగిలిన తూటాల పెట్టె వెతికి తీసి, బ్యారెల్‌లో ఏ చోక్ బిగించి ఉంటే దానితోనే పొలానికి బయలుదేరతారు. గురి తప్పి గువ్వ తన దారిన పోతే నష్టం ఒక తూటా మాత్రమే. ఒకటి రెండు పెల్లెట్లు (తూటాలో నింపే చిన్న లోహపు గుళ్లు) తగిలిన గువ్వ కనుచూపు దాటి ఏ జొన్నచేలోనో పడి, ఎవరికీ దొరకకుండా చచ్చిపోతే అది వేట అనిపించుకోదు. చోక్‌నూ షాట్ సైజునూ (అంటే పెల్లెట్ల పరిమాణాన్నీ) ముందుగా ఆలోచించి ఎంచుకోవడం ప్రధానంగా ఈ రెండో నష్టాన్ని తప్పించడానికే.

బ్యారెల్ మూతి దగ్గర లోపలి వ్యాసాన్ని కొద్దిగా తగ్గించే ఇరుకునే చోక్ అంటారు. 12 గేజ్ (గేజ్ అంటే బ్యారెల్ వెడల్పు కొలత; అంకె పెరిగేకొద్దీ వెడల్పు తగ్గుతుంది) షాట్‌గన్ బ్యారెల్ లోపలి ప్రామాణిక వ్యాసం 0.729 అంగుళం. సిలిండర్ చోక్‌లో ఇరుకు ఏమీ ఉండదు. స్కీట్ చోక్‌లో సుమారు 0.005 అంగుళం, ఇంప్రూవ్డ్ సిలిండర్‌లో 0.010, మోడిఫైడ్‌లో 0.020, ఫుల్ చోక్‌లో 0.035 అంగుళం వరకు ఇరుకు ఉంటుంది. తయారీదారును బట్టి ఈ కొలతలు కొంత అటూ ఇటూ అవుతాయి. 40 గజాల దూరంలో గీసిన 30 అంగుళాల వృత్తంలో మొత్తం పెల్లెట్లలో ఎంత శాతం పడతాయో చూడటం చోక్‌ను కొలిచే పాత పద్ధతి. ఆ లెక్క ప్రకారం సిలిండర్‌కు సుమారు 40 శాతం, ఇంప్రూవ్డ్ సిలిండర్‌కు 50, మోడిఫైడ్‌కు 60, ఫుల్‌కు 70 శాతం వస్తాయి.

అయితే ఈ లెక్కంతా 40 గజాల దూరానికి వేసినదని మరిచిపోవడం వల్లనే చాలామంది అవసరానికి మించి బిగువైన చోక్ ఎంచుకుంటారు. గువ్వలను కొట్టే దూరం చాలావరకు 20 నుంచి 35 గజాల మధ్యే ఉంటుంది. 20 గజాల దగ్గర ఫుల్ చోక్ నుంచి వచ్చిన పెల్లెట్ల గుంపు సుమారు 16 అంగుళాల వెడల్పు మాత్రమే ఉంటుంది. ఇంప్రూవ్డ్ సిలిండర్ గుంపు 26 అంగుళాల దాకా పరుచుకుంటుంది. వంకర టింకరగా, గంటకు 40 మైళ్ల వేగంతో వచ్చే పక్షి మీద 16 అంగుళాల గుంపును నిలపడం ఆరితేరినవారికే కష్టం. ఒకవేళ నిలిపినా, ఆ దూరంలో గువ్వ తినడానికి పనికిరాకుండా చితికిపోతుంది. అందువల్ల మొదటిసారి వెళ్లేవారు ఇంప్రూవ్డ్ సిలిండర్‌తో మొదలుపెట్టడం మేలు. నీటి గుంట పక్కన, గువ్వలు దిగివచ్చే చోట, 25 గజాల లోపు కొట్టేవారికి స్కీట్ చోక్ చాలు. పొద్దుతిరుగుడు చేను గట్టున ఎత్తుగా దాటిపోయే పక్షుల మీద, లేదా తుపాకీ చప్పుళ్లకు గువ్వలు బెదిరి దూరదూరంగా తిరిగే తర్వాతి వారాల్లో మోడిఫైడ్ ఉపయోగపడుతుంది. రెండు బ్యారెళ్ల తుపాకీ ఉన్నవారు మొదటి గుండుకు ఇంప్రూవ్డ్ సిలిండర్‌నూ రెండవదానికి మోడిఫైడ్‌నూ బిగించుకుంటే చోక్‌ల విషయంలో ఇంక ఆలోచించవలసింది పెద్దగా ఉండదు.

దూరాన్ని కంటితో అంచనా వేయడంలో అందరం పొరబడతాం. ఆకాశంలో పోలికకు మరో వస్తువేదీ ఉండదు కాబట్టి ఈ పొరపాటు సహజం. కూర్చునే చోటు నుంచి 35 గజాలు అడుగులతో కొలిచి, అక్కడున్న పొదనో కంచె స్తంభాన్నో గుర్తు పెట్టుకోవాలి. దానికి అవతల ఎగిరే పక్షి మీద ట్రిగ్గర్ నొక్కకూడదని ముందే నిర్ణయించుకోవాలి.

ఇక షాట్ సైజు. అమెరికా పద్ధతిలో 17 నుంచి షాట్ నంబరు తీసివేస్తే పెల్లెట్ వ్యాసం అంగుళంలో నూరవ వంతులుగా వస్తుంది: నంబరు 8 అంటే 0.09 అంగుళం, నంబరు 7½ అంటే 0.095, నంబరు 6 అంటే 0.11. నంబరు పెరిగేకొద్దీ పెల్లెట్ చిన్నదవుతుంది, ఔన్సుకు వచ్చే సంఖ్య పెరుగుతుంది. ఒక ఔన్సు సీసంలో నంబరు 6 పెల్లెట్లు సుమారు 225, నంబరు 7½ అయితే 350, నంబరు 8 అయితే 410, నంబరు 9 అయితే 585 ఉంటాయి. మౌర్నింగ్ డవ్ బరువు సుమారు 120 గ్రాములు, ఈకలూ పలుచన. దానిని పడగొట్టడానికి ఒక పెద్ద పెల్లెట్ బలం కన్నా ఒకేసారి మూడు నాలుగు పెల్లెట్లు తగలడం ముఖ్యం. ఫుల్ చోక్‌తో నంబరు 6 ఔన్సు తూటా పేలిస్తే 40 గజాల దగ్గరి వృత్తంలో పడేవి సుమారు 157 పెల్లెట్లు; ఇంప్రూవ్డ్ సిలిండర్‌తో నంబరు 8 ఔన్సు తూటా పేలిస్తే పడేవి 205. పెద్ద పెల్లెట్, బిగువు చోక్ కలిస్తే దూరపు గువ్వ అందుతుందనే నమ్మకం ఈ లెక్క ముందు నిలవదు. చోక్‌నూ షాట్‌నూ వేర్వేరుగా కాక జంటగా ఎంచుకోవాలని చెప్పడానికి కారణం ఇదే.

నంబరు 7½ మేలా, 8 మేలా అన్న వాదన ఏటా వినిపిస్తుంది. నా దృష్టిలో అది తేల్చవలసినంత పెద్ద తేడా కాదు. సీజన్ మొదట్లో, దగ్గరి గువ్వలకు 8, గాలి బలంగా వీచే రోజుల్లోనూ దూరం పెరిగినప్పుడూ 7½ అనుకుంటే సరిపోతుంది. నంబరు 9 పెల్లెట్ తేలిక కావడం వల్ల వేగాన్ని త్వరగా కోల్పోతుంది. నీటి గుంట పక్కన తప్ప వాడకపోవడం మంచిది. ఔన్సు లేదా ఔన్సుంబావు కన్నా కాస్త తక్కువగా, అంటే 1⅛ ఔన్సుగా నింపిన తూటాలు చాలు. అంతకన్నా బరువైన తూటాలు భుజాన్ని నొప్పి పెట్టి, పది గుండ్ల తర్వాత మనిషిని ఉలికిపడేలా చేస్తాయి.

సీసం వాడవచ్చా లేదా అన్నది తూటాలు కొనకముందే తేల్చుకోవాలి. బాతులు, హంసజాతి పక్షుల వేటలో సీసాన్ని 1991 నుంచి దేశమంతటా నిషేధించారు. గువ్వలకు అలాంటి దేశవ్యాప్త నిషేధం లేదు. కాలిఫోర్నియాలో మాత్రం 2019 జూలై 1 నుంచి ఏ జంతువు వేటకైనా సీసం వాడరాదు. ఇతర రాష్ట్రాల్లోనూ కొన్ని ప్రభుత్వ వేట భూముల్లో విషరహిత షాట్ మాత్రమే చెల్లుతుంది. సెప్టెంబరులోనే టీల్ బాతుల సీజన్ కూడా చాలాచోట్ల ఉంటుంది. తెల్లవారుజామున టీల్ వేటకూ సాయంత్రం గువ్వల వేటకూ వెళ్లేవారు, ఉదయం జేబులో ఒక్క సీసపు తూటా మిగిలి ఉన్నా నిబంధన ఉల్లంఘించినట్లే అవుతుందని గుర్తుంచుకోవాలి.

ఉక్కు సాంద్రత సీసం సాంద్రతలో మూడింట రెండు వంతులకు దగ్గరగా ఉంటుంది కాబట్టి అదే సైజు ఉక్కు పెల్లెట్ తేలికగా ఉండి త్వరగా మందగిస్తుంది. సీసంలో 7½ వాడేవారు ఉక్కులో 6 లేదా 7 ఎంచుకోవాలి. టెక్సాస్ రాష్ట్ర వన్యప్రాణి విభాగం 2008, 2009 సీజన్లలో జరిపిన క్షేత్ర పరీక్షలో 7½ సీసపు తూటాలకూ 6, 7 నంబర్ల ఉక్కు తూటాలకూ గువ్వలను పడగొట్టడంలో చెప్పుకోదగిన తేడా కనిపించలేదు. ఏ తూటా ఇచ్చారో వేటగాళ్లకు తెలియకుండా జరిపిన పరీక్ష కావడం వల్ల దానికి విలువ ఇవ్వాలి. ఉక్కు గట్టిది కనుక బ్యారెల్‌లో నలగదు, గుంపుగా బిగువుగా వెళుతుంది. అందువల్ల ఇంప్రూవ్డ్ సిలిండర్ కూడా ఉక్కుతో మోడిఫైడ్‌లా ప్రవర్తించవచ్చు. ఆ గట్టిదనమే పాత తుపాకులకు ముప్పు. ఉక్కు షాట్‌కు తగినదని నిర్ధారణ లేని పాత బ్యారెల్‌లో, ముఖ్యంగా స్థిరమైన ఫుల్ చోక్ ఉన్నదానిలో, తుపాకీ పని తెలిసిన నిపుణుడికి చూపించనిదే ఉక్కు తూటా పేల్చకూడదు. విడి చోక్ గొట్టం మీద సీసానికే పరిమితమని రాసి ఉంటే ఆ మాటను అక్షరాలా పాటించాలి.

చోక్ మీద చెక్కిన పేరు ఒక అంచనా మాత్రమే. మీ బ్యారెల్, మీ తూటా కలిసి ఏం చేస్తాయో కాగితం మీద చూడాల్సిందే. నాలుగు అడుగుల చదరపు కాగితాన్ని సురక్షితమైన మట్టికట్ట ముందు నిలబెట్టి, 30 గజాల నుంచి మధ్యలోని చుక్కకు గురిపెట్టి కాల్చాలి. ప్రతి చోక్‌కూ ప్రతి తూటాకూ కనీసం మూడేసి కాగితాలు కావాలి, ఎందుకంటే ఒకే తూటా రెండుసార్లు ఒకేలా పరుచుకోదు. పెల్లెట్లు దట్టంగా పడినచోట వృత్తం గీసి, గువ్వ ఒడలంత అట్టముక్కను కత్తిరించి ఆ వృత్తమంతటా జరుపుతూ చూడండి. అట్టముక్క ఎక్కడ పెట్టినా దాని కింద మూడు రంధ్రాలైనా ఉంటే ఆ జంట ఆ దూరానికి పనికివస్తుంది. అట్టముక్క ఖాళీగా పట్టే సందులు పదేపదే కనిపిస్తే చోక్ మార్చాలి, లేదా దూరం తగ్గించుకోవాలి. గుంపు మధ్యభాగం గురిపెట్టిన చుక్క మీదనే పడిందా, పక్కకు జరిగిందా అన్నది కూడా అప్పుడే చూడాలి. గుంపు ఒక పక్కకు ఆరేడు అంగుళాలు జరిగి ఉంటే ఏ చోక్ మార్చినా ప్రయోజనం ఉండదు. భుజానికి ఆనించే తుపాకీ వెనుక భాగం శరీరానికి అమరకపోవడమో, చోక్ గొట్టం వంకరగా బిగియడమో కారణం కావచ్చు.

చోక్ గొట్టం మార్చేటప్పుడు తుపాకీ ఖాళీగా ఉందని కంటితో, వేలితో రెండుసార్లు చూసుకోవాలి. ఒక సంస్థ చోక్ గొట్టం మరో సంస్థ బ్యారెల్‌లో మర పట్టినట్లే అనిపించినా సరిగా కూర్చోకపోవచ్చు. గొట్టం అంచు బ్యారెల్ రంధ్రంలోకి పొడుచుకువస్తే షాట్ దానిని గుద్దుకుని మూతిని చీల్చేస్తుంది. గొట్టం లేకుండా మరలు ఉన్న బ్యారెల్‌ను పేల్చడం కూడా అలాంటి నష్టమే తెస్తుంది. మరలకు పలుచగా గ్రీజు రాసి బిగించి, పాతిక గుండ్లకొకసారి తుపాకీ ఖాళీ చేసి వదులైందేమో చూడాలి.

అన్నిటికన్నా ఘోరమైన ప్రమాదం తూటాలు కలిసిపోవడం. 20 గేజ్ తూటాను 12 గేజ్ ఛాంబర్‌లో వేస్తే అది ముందుకు జారి బ్యారెల్‌లో ఇరుక్కుంటుంది. బ్యారెల్ ఖాళీగా ఉందనుకుని దాని వెనుక 12 గేజ్ తూటా పేలిస్తే బ్యారెల్ పగిలి చేతివేళ్లు పోవచ్చు. 20 గేజ్ తూటాలు పసుపు రంగులో తయారు చేయడం ఈ ముప్పు వల్లనే. ఇంట్లో రెండు గేజ్‌లు ఉంటే జాకెట్ జేబులన్నీ ముందురోజే దులిపి, ఒక రోజుకు ఒకే గేజ్ తీసుకెళ్లాలి. ట్రిగ్గర్ నొక్కినప్పుడు చప్పుడు బలహీనంగా వస్తే వెంటనే ఆగి, తుపాకీ ఖాళీ చేసి, బ్యారెల్‌లో ఏదీ అడ్డు లేదని చూసే వరకు మరో తూటా వేయకూడదు.

వదులైన చోక్ పెల్లెట్ల గుంపును వెడల్పు చేస్తుంది తప్ప అవి వెళ్లే దూరాన్ని తగ్గించదు. నంబరు 7½ సీసపు పెల్లెట్ సుమారు 200 గజాలకు పైగా వెళ్లగలదు. కింది ఎత్తున వచ్చే గువ్వ వెనుక ఆకాశం కనిపించకపోతే కాల్చకూడదు. పొలంలో ఇతరులు ఎక్కడెక్కడ కూర్చున్నారో అందరికీ తెలియాలి. దూరం నుంచి రాలే పెల్లెట్లు చర్మాన్ని కోయకపోయినా కంటిని పోగొట్టగలవు, కాబట్టి పగలని కళ్లద్దాలూ, చెవులకు రక్షణా తప్పనిసరి.

చట్టం విషయంలో, వలస పక్షులకు వాడే తుపాకీలో ఒకేసారి మూడుకు మించి తూటాలు పట్టకుండా, తుపాకీ విప్పితే తప్ప తీయలేని అడ్డు ఉండాలి. గింజలు చల్లి ఆకర్షించిన చేను, ఆ గింజలు పూర్తిగా తీసివేసిన తర్వాత కూడా 10 రోజుల వరకు నిషిద్ధమే. రోజుకు 15 పక్షుల పరిమితి, హార్వెస్ట్ ఇన్ఫర్మేషన్ ప్రోగ్రామ్ (వలస పక్షుల వేటగాళ్ల వివరాలు సేకరించే కార్యక్రమం) నమోదు, వేళలు మీ రాష్ట్రం ఆ ఏటికి ప్రకటించిన నియమాల్లో చూసుకోవాలి. సాయంకాలం వెలుగు తగ్గేకొద్దీ కిల్‌డీర్ అనే పిట్టలు, చిన్న డేగలు గువ్వల్లాగే కనిపిస్తాయి. పొడవైన మొనదేరిన తోక స్పష్టంగా కనబడనిదే తుపాకీ ఎత్తకూడదు.

గువ్వ పడిన వెంటనే, పడిన చోటు వెనుక ఉన్న ఒక గుర్తును చూసుకుని, కన్ను తిప్పకుండా నేరుగా నడిచి వెళ్లి తీసుకోవాలి. దాని రంగు మట్టిలో ఎంతగా కలిసిపోతుందంటే, మధ్యలో మరో గువ్వ మీదికి చూపు మళ్లితే మొదటిది దొరకదు. ఆ పక్షి చేతికి వచ్చాకే తర్వాతి తూటా వేయండి.